డాబామీద ఎండ, వాకిట్లో కారు

పిల్లలూ, వేసవికాలంలో మిట్టమధ్యాహ్నం మీ డాబామీద ఎంత ఎండ పడుతుందో ఎన్నడైనా కొలిచారా? ఎండను కొలవటమేమిటి, అదేమన్నా బియ్యమా, పప్పా అనకండి. ఎండనూ కొలవవచ్చు. మబ్బులేని రోజున, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, మీటరు పొడవూ మీటరు వెడల్పూ గల చోట పడే ఎండలో దాదాపు 1000 వాట్ల శక్తి ఉంటుంది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె పనిచెయ్యటానికి సుమారు అంత శక్తే కావాలి. డాబా వైశాల్యం 100 చదరపు మీటర్లయితే, వంద ఇస్త్రీపెట్టెలను ఒకేసారి వేడెక్కించటానికి చాలినంత శక్తి మీ నెత్తిమీదికి వచ్చి పడుతున్నదన్నమాట!

ఆ శక్తిని మనం ఏం చేసుకుంటున్నాం? అమ్మమ్మ వడియాలు పెడుతుంది, మాగాయ ముక్కలు ఎండబోస్తుంది. అమ్మ తడిబట్టలు ఆరవేస్తుంది. మిగిలినదంతా కప్పును కాల్చి, రాత్రి పది దాటినా గదిలో ఎవరినీ నిద్రపోనివ్వదు.

ఇప్పుడు కొందరి ఇళ్ల వాకిళ్లలో పెట్రోలు తాగని కార్లు కనిపిస్తున్నాయి. వాటికి కావలసింది కరెంటు. డాబామీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే ఎండ కరెంటుగా మారుతుంది. మీరు అక్షరాలు దిద్దుకునే పలకలాగా నల్లగా, బల్లపరుపుగా ఉంటాయి గనక వాటిని మనం సోలార్ పలకలు అందాం. డాబామీద ఎండ, వాకిట్లో కారు. రెంటినీ కలిపేస్తే పెట్రోలు ఖర్చు లేకుండా కారు నడుస్తుంది కదా అని మీకు తోచవచ్చు. "ఉచితంగా ప్రయాణం" అని పలకలు అమ్మేవాళ్లు చెబుతారు. "అదంతా ఉత్తమాట, ఆ కార్లు నడిచేది బొగ్గుతోనే" అని ఎదురింటి మామయ్య అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. ఎవరి మాట ఎంత నిజమో లెక్కవేసి చూద్దాం. మీకు గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు పలక సంగతి. ఎండ తగిలితే కరెంటు పుట్టించే పదార్థాలున్నాయని 1839లో ఫ్రాన్సు దేశంలో ఎడ్మండ్ బెకరెల్ అనే కుర్రవాడు కనిపెట్టాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. కాని ఆ కరెంటు ఎందుకూ పనికిరానంత కొంచెం. నిజంగా పనికివచ్చే బిళ్ల తయారుకావటానికి మరి నూరేళ్లకు పైగా పట్టింది. 1954 ఏప్రిల్‌లో అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో చేసిన సోలార్ బిళ్లను నలుగురికీ చూపించారు. దానితో వాళ్లు ఏం నడిపారో తెలుసా? తిరనాళ్లలో మీరెక్కే నిలువు రంగులరాట్నం వంటి ఒక చిన్న ఆటబొమ్మను! అప్పట్లో ఆ బిళ్ల, తనమీద పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లు మాత్రమే కరెంటుగా మార్చేది. ధర చెప్పనలవి కాదు. అందుచేత మొదట అవి ఎవరి ఇళ్లమీదికీ ఎక్కలేదు, ఆకాశంలోకి ఎక్కాయి. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 అనే ఉపగ్రహం సోలార్ బిళ్లల బలంతో 1964 దాకా భూమికి సంకేతాలు పంపింది. మూగపోయినప్పటికీ అది నేటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉన్నది.

ఈనాడు మన ఇళ్లమీద పెట్టే పలకలు నూటికి 20 పాళ్లు, మంచివైతే ఇంకాస్త ఎక్కువ, కరెంటుగా మారుస్తున్నాయి. మిగిలిన 80 పాళ్లు ఏమవుతాయంటారా? చాలామటుకు వేడిగా మారి గాలిలో కలిసిపోతాయి.

ఆ పలక లోపల ఏ చక్రమూ తిరగదు. చప్పుడు లేదు, పొగ లేదు. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌ను పలచని బిళ్లగా చేసి, దాని ఒక పొరలో ఏ కొంచెమో భాస్వరాన్నీ, రెండో పొరలో ఏ కొంచెమో బోరాన్‌నూ కలుపుతారు. ఈ రెండు పొరలూ కలిసేచోట ఒక వింత తలుపు ఏర్పడుతుంది. ఒక పక్కనుంచి తోస్తే తెరుచుకుంటుంది, రెండోపక్కనుంచి తోస్తే తెరుచుకోదు. వెలుతురు వచ్చి తగిలినప్పుడు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లు కొన్ని తమ చోటు వదిలి బయలుదేరుతాయి, ఆ తలుపు దాటి అవతలికి పోతాయి. తిరిగి రాబోతే తలుపు మూసుకుని ఉంటుంది! అప్పుడు వాటికి మనం తీగ అనే చుట్టుదారి చూపిస్తాం. అవి ఆ దారిన తిరిగి ఇల్లు చేరుకుంటాయి. దారి మధ్యలో ఒక దీపాన్నో, పంకానో పెట్టామనుకోండి, పోతూపోతూ దాన్ని పనిచేయించి పోతాయి. కరెంటు అంటే అంతే.

ఒక్కొక్క బిళ్ల ఇచ్చేది అర వోల్టుకు కాస్త ఎక్కువ. అందుకని చాలా బిళ్లలను పూసలదండలాగా వరసగా కలిపి ఒక పలక చేస్తారు, ఆ పలకలను మళ్లీ వరసగా కలుపుతారు. ఇందులో ఒక చిక్కున్నది. ఇరుకు సందులో ఎడ్లబండ్లు బారులు తీరి పోతున్నప్పుడు ఒక బండి ఆగితే వెనకవన్నీ ఆగిపోవూ? అలాగే ఒక పలకమీద నీళ్లటాంకు నీడో, పక్కింటి కొబ్బరిమట్ట నీడో పడితే ఆ వరసంతా మందగిస్తుంది. ఈ బాధ తగ్గటానికి పలకల్లో పక్కదారులు పెడుతున్నారు గాని, నీడ లేనిచోటు చూసుకోవటాన్ని మించిన ఉపాయం లేదు. మీ డాబామీద పొద్దున ఎనిమిదింటికి, పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి నీడలు ఎక్కడెక్కడ పడుతున్నాయో సుద్దముక్కతో గీసి మీ నాన్నగారికి చూపించండి. ఆ గీతలు చాలా ఖర్చు తప్పించగలవు.

నీడల మాట వచ్చింది గనక మరొక తమాషా చెబుతాను. పలకలను మనవైపు దక్షిణానికి కొంచెం వాలుగా పెడతారు. ఎందుకు? ఏడాదిలో ఎక్కువరోజులు మధ్యాహ్నవేళ సూర్యుడు మనకు దక్షిణంగా ఉంటాడు. ఎక్కువరోజులు అన్నాను, అన్ని రోజులూ అనలేదు. విజయవాడలో ఉన్నవాళ్లు మే మొదటి వారంలో ఒక కర్రను నిటారుగా పాతి మధ్యాహ్నం చూస్తే దానికి నీడే ఉండదు! సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆ తరవాత ఆగస్టు మొదటి వారందాకా సూర్యుడు ఉత్తరంవైపు ఉంటాడు, మధ్యాహ్నం నీడలు దక్షిణానికి పడతాయి. కాని ఆ రోజుల్లో సగం మబ్బుపట్టే ఉంటుంది గనక, తతిమ్మా ఏడాదికి పనికివచ్చే దక్షిణపు వాలే లాభసాటి.

ఎండ ఎంత మండితే పలక అంత ఎక్కువ కరెంటు ఇస్తుందని మీరనుకుంటున్నారు కదూ? అక్కడే చాలామంది పొరబడతారు. ఎండ వేరు, వేడి వేరు. పలకకు కావలసింది వెలుగు. వేడి దానికి శత్రువు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక, పెరిగే ప్రతి డిగ్రీకీ అది ఇచ్చే కరెంటు నూటికి మూడోవంతు పాలు చొప్పున తగ్గుతుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో డాబామీది పలక 65 డిగ్రీలకు కాగిందంటే, నూటికి 13 పాళ్లు అక్కడే పోయినట్టు! అందుకే పలకలను కప్పుకు అతికించకుండా, కింద గాలి ఆడేటట్టు స్టాండుమీద ఎత్తుగా పెడతారు. మరి ఎత్తు పెరిగినకొద్దీ గాలివాన భయం. తుఫానుగాలికి పలక తెరచాప అయి కూర్చుంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఏం చేసిందో మీ పెద్దవాళ్లు చెబుతారు. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు పలకల ధర అడిగేముందు, స్టాండు ఎంత గాలికి ఆగుతుందో అడగటం మంచిది. పలక పాతికేళ్లు పనిచేస్తుందనీ, అప్పటికి కూడా కొత్తలో ఇచ్చినదానిలో నూటికి 80 పాళ్లకు తగ్గదనీ కంపెనీలు హామీకాగితం రాసి ఇస్తుంటాయి. ఆ కాగితం మీరే భద్రం చెయ్యండి. దాని గడువు తీరేనాటికి మీకు కూడా పిల్లలుంటారు!

సరే, ఇక లెక్కలోకి వద్దాం. వెయ్యి వాట్లు ఒక గంటసేపు వాడితే ఒక యూనిట్. కరెంటు బిల్లులో ఉండేది ఈ యూనిట్లే. మన తెలుగుదేశాల్లో ఒక కిలోవాటు పలకలు, ఏడాది పొడుగునా సగటున చూస్తే, రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. మంచి ఎండరోజున ఐదు కూడా రావచ్చు. ముసురుపట్టిన రోజున ఒకటి రెండు వస్తే గొప్ప. ఒక ఇంటివాళ్లు 3 కిలోవాట్ల పలకలు పెట్టారనుకుందాం. పెద్ద పలకలైతే ఆరు సరిపోతాయి. మధ్యన నడిచే దారి వదలటంతో కలిపి సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. 3 ఇంటు 4, రోజుకు 12 యూనిట్లు.

పంకాలు, దీపాలు, ఫ్రిజ్, నీళ్లమోటారు, రాత్రి కొన్ని గంటలు ఏసీ, అన్నీ కలిపి ఆ ఇంటికి రోజుకు 7 యూనిట్లు ఖర్చనుకోండి. 5 మిగిలాయి.

కారు సంగతేమిటి? మామూలు ఎలక్ట్రిక్ కారు ఒక యూనిట్‌కు ఆరు, ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. నాన్నగారు ఆఫీసుకు పోయిరావటానికి రోజుకు 30 కిలోమీటర్లయితే నాలుగున్నర యూనిట్లు కావాలి. బాటరీలోకి ఎక్కించేటప్పుడు కొంత వృథా పోతుంది గనక 5 వేసుకుందాం. ఏడూ అయిదూ పన్నెండు. లెక్క సరిగ్గా సరిపోయింది! అమ్మేవాళ్లు ఇక్కడ ఆపేస్తారు. మనం ఆపకూడదు. ఎంచేతంటే ఈ లెక్కలో "ఎంత" అన్నదే ఉన్నది గాని, "ఎప్పుడు" అన్నది లేదు.

పలకలు పొద్దున పదింటినుంచి మధ్యాహ్నం మూడింటిదాకా జోరుగా కరెంటు ఇస్తాయి. ఆ సమయంలో కారు ఎక్కడ ఉంటుంది? ఆఫీసు దగ్గర. అది ఇంటికి వచ్చేది రాత్రి ఏడింటికి. అప్పటికి డాబామీది పలకలు చీకట్లో నిద్రపోతుంటాయి. ఎండ ఉన్నప్పుడు కారు లేదు, కారు వచ్చేటప్పటికి ఎండ లేదు!

మరి పగటి కరెంటు ఏమవుతున్నది? తీగలవెంట వీధిలోకి పోతుంది, పక్కవాళ్ల పంకాలు తిప్పుతుంది. అందుకని సోలార్ పెట్టుకున్న ఇళ్లకు రెండువైపులా లెక్కపెట్టే మీటరు బిగిస్తారు. పగలు మనం వీధికి ఇచ్చినదీ, రాత్రి వీధినుంచి మనం తెచ్చుకున్నదీ రెండూ అది రాసుకుంటుంది. తేడాకు మాత్రం బిల్లు వస్తుంది. ఆ లెక్క చూసే పద్ధతి రాష్ట్రాన్నిబట్టి కొంచెం కొంచెం మారుతుంది. ఇది మన చేబదులు వంటిదే. పగలు మన గేదె పాలు ఎక్కువై పక్కింటికి శేరు ఇచ్చి, రాత్రి వాళ్ల దగ్గరనుంచి శేరు తెచ్చుకున్నట్టు. మన డబ్బుకేమీ నష్టం లేదు. కాని రాత్రి మనం తాగేవి మన గేదె పాలు కావు!

రాత్రి మన కారులోకి ఎక్కే కరెంటు ఎక్కడిదో తెలుసుకోవాలంటే రామగుండం వైపు చూడండి, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం వైపు చూడండి. అక్కడ బొగ్గు కాల్చి నీళ్లు మరగించి, ఆ ఆవిరితో యంత్రాలు తిప్పుతారు. కొంత శ్రీశైలంనుంచి, నాగార్జునసాగర్‌నుంచి నీటిబలంతో వస్తుంది, కొంత గాలిమరలనుంచీ వస్తుంది. అయినప్పటికీ మనదేశపు కరెంటులో సగానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. ఎదురింటి మామయ్య అన్నది ఇదే.

ఆయన మాటలో ఇంకొక లెక్క కూడా ఉన్నది. ఒక లీటరు పెట్రోలులో ఉన్న శక్తిని యూనిట్లలో చెబితే దాదాపు 9. దానితో కారు 16 కిలోమీటర్లు పోతుందనుకుంటే, యూనిట్‌కు రెండు కిలోమీటర్లయినా పోలేదు. నాలుగింట మూడువంతులు ఇంజనులో ఉత్త వేడిగా పోయింది. కారు ఆగాక మూతమీద చెయ్యి పెట్టబోయి మీరెప్పుడో చురుక్కుమనిపించుకునే ఉంటారు. ఎలక్ట్రిక్ కారు అదే యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. ఎంత గొప్ప! కాని ఆగండి. బొగ్గు కాల్చేచోట కూడా వేడిలో సుమారు మూడోవంతే కరెంటు అవుతుంది. ఆరేడులో మూడోవంతు రెండుకు కాస్త ఎక్కువ. అంటే బొగ్గు కరెంటుతో నడిస్తే శక్తి పొదుపు పెద్దగా ఏమీ లేదు. పొగ మన వీధిలో కాక రామగుండంలో వస్తుంది, అదీ తేడా. వీధిలో ఊపిరి పీల్చే మనకు అది చిన్న మేలు కాదు, కాని రామగుండంలోనూ పిల్లలున్నారు. ఎండతో నడిచినప్పుడే ఎలక్ట్రిక్ కారు మేలంతా మన చేతికి వస్తుంది.

కాబట్టి అసలు చిక్కంతా గడియారం దగ్గర ఉన్నది. బండి పగలు ఇంటి దగ్గర ఉండాలి. ఎవరి బండి అలా ఉంటుంది?

ఆదివారం నాన్నగారి కారు ఉంటుంది. అయితే ఆదివారం ఒక్కరోజున పలకలు ఇచ్చేది 12 యూనిట్లే, అందులో ఇంటికి పగలు కావలసింది పోతే ఏ తొమ్మిదో పదో మిగులుతాయి. వారానికి కారుకు కావలసింది 30. అంటే వారపు ప్రయాణంలో సుమారు మూడోవంతు నిజంగా మన ఎండతో నడిచినట్టు. ఫరవాలేదు, మామయ్య చెప్పినంత అధ్వాన్నం కాదు. ఇంటి దగ్గరే పనిచేసుకునేవారికీ, ఉద్యోగం విరమించిన తాతగారికీ అయితే కారు వారమంతా పగలే దొరుకుతుంది.

ఇంకొక బండి ఉన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. మిమ్మల్ని పొద్దున బడి దగ్గర దింపి, పదింటికల్లా ఇంటికి వచ్చి, మళ్లీ మూడున్నరదాకా మెట్లకింద ఊరికే నిలబడి ఉండే మీ అమ్మగారి స్కూటరు! సరిగ్గా ఎండ ఉండే వేళకే అది ఇంట్లో ఉంటున్నది. ఎలక్ట్రిక్ స్కూటరైతే ఒక యూనిట్‌కు సుమారు 30 కిలోమీటర్లు నడుస్తుంది. బాటరీ మొత్తం మూడు యూనిట్లు. బడికీ, కూరగాయల బజారుకూ, సంగీతం మాస్టారి ఇంటికీ కలిపి రోజుకు ఒక యూనిట్ చాలు. ఆ ఒక్క యూనిట్‌నూ మీ డాబామీద ఒక్క పలక అరపూటలో ఇచ్చేస్తుంది. నన్నడిగితే, సూర్యుడి బండి అన్న పేరు పెద్దకారుకన్నా దీనికే తగును.

పగలు ఎక్కించటంలో కూడా ఒక కిటుకున్నది. కారుకు రెండురకాలుగా కరెంటు ఎక్కించవచ్చు. ఇంట్లో ఏసీకి వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు ద్వారా అయితే సుమారు 3 కిలోవాట్ల చొప్పున ఎక్కుతుంది. గోడకు బిగించే 7 కిలోవాట్ల పెట్టె అయితే రెట్టింపుకన్నా జోరుగా ఎక్కుతుంది. (దాన్ని అందరూ చార్జర్ అంటారు గాని, అసలు చార్జర్ కారు కడుపులోనే ఉన్నది. ఇంటి కరెంటు క్షణానికి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంటుంది, బాటరీకేమో ఒకేవైపు పారే కరెంటు కావాలి. ఆ మార్పు చేసేది కారులోని యంత్రం. గోడమీది పెట్టె తలుపు దగ్గర కాపలావాడి వంటిది.) జోరుగా ఎక్కేదే మంచిదనుకుంటాం. కాని మన 3 కిలోవాట్ల పలకలు మిట్టమధ్యాహ్నం కూడా వేడికీ, దుమ్ముకూ కొంత పోగొట్టుకుని రెండు, రెండున్నర కిలోవాట్లే ఇస్తాయి. కారు ఏడు లాగుతుంటే మిగతా నాలుగున్నరా వీధినుంచి రావలసిందే. నెమ్మదిగా తాగే బండికే ఎండ సరిపోతుంది. కొన్ని కార్లలో ఎంత జోరున ఎక్కించాలో మనమే తగ్గించి పెట్టుకునే వీలున్నది.

ఇక్కడ పెద్దవాళ్లకు ఒక మాట. ఇది వాళ్లకు చదివి వినిపించండి. ఇస్త్రీపెట్టె పదినిమిషాలకొకసారి ఆగుతుంది, ఏసీ కూడా మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటుంది. కారు అలా కాదు, ఎనిమిది పదిగంటలపాటు ఒక్క బిగిని కరెంటు లాగుతుంది. సన్నని తీగయితే అంతసేపు వేడెక్కి, పైతొడుగు కరిగి, నిప్పు పుట్టవచ్చు. అందుకని మీటరు దగ్గరనుంచి కారుకోసం ప్రత్యేకంగా ఒక లావుపాటి తీగ వేయించాలి, దానికి వేరే స్విచ్చి, కరెంటు దారి తప్పితే వెంటనే ఆపే పరికరం, మంచి ఎర్తు ఉండాలి. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ పెట్టె లాగి కారుకు తగిలించటం ఎంతమాత్రం కూడదు. మీ మీటరుకు మంజూరైన లోడు కూడా చూసుకోవాలి. 2 కిలోవాట్ల లోడున్న ఇంట్లో 7 కిలోవాట్ల పెట్టె బిగిస్తే కరెంటు ఆఫీసువాళ్లు ఊరుకోరు, తీగా ఊరుకోదు.

మరొక సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. మిట్టమధ్యాహ్నం, ఎండ పేలుతున్నది, డాబానిండా పలకలున్నాయి. వీధిలో కరెంటు పోయింది. మీ ఇంట్లో పంకా తిరుగుతుందా? తిరగదు! మామూలుగా పెట్టే సోలార్‌తో, వీధి కరెంటు పోతే మీ కరెంటు కూడా పోతుంది. పలకలు ఇచ్చే కరెంటును ఇంటికి పనికివచ్చేటట్టు మార్చే పెట్టె ఒకటి గోడమీద ఉంటుంది. దాన్ని కూడా ఇన్వర్టర్ అనే అంటారు గాని, మన ఇళ్లలో కరెంటు పోయినప్పుడు దీపాలు వెలిగించే బాటరీ ఇన్వర్టర్ అది కాదు. అది వీధి కరెంటును కనిపెట్టుకుని ఉండి, అది పోయిన క్షణాల్లో తానూ ఆగిపోతుంది.

ఇదేం పిచ్చి అంటారా? వీధిలో కరెంటు ఎందుకు పోయింది? ఎక్కడో తీగ తెగింది. దాన్ని బాగుచెయ్యటానికి లైన్‌మాన్ స్తంభం ఎక్కాడు. కరెంటు ఆపించానన్న ధైర్యంతో తీగ పట్టుకున్నాడు. అప్పుడు మీ డాబామీది కరెంటు వెనక్కు పారి వీధిలోకి పోతే? వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదే, అది 11 వేల వోల్టుల కరెంటును ఇంటికి తగినట్టు తగ్గించి పంపుతుంది. వెనకనుంచి పోయే కరెంటును అదే మళ్లీ 11 వేల వోల్టులకు పెంచగలదు! స్తంభంమీది మనిషి ప్రాణంకోసం ఆ పెట్టె అలా ఆగిపోతుంది. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే, వీధితో పూర్తిగా సంబంధం తెంచుకుని బాటరీతో నడిచే మరోరకం ఏర్పాటు కావాలి. దానికి ఖర్చు ఎక్కువ. దాన్ని తెలిసినవాడే బిగించాలి, ఎవరుపడితే వాళ్లు తీగ మార్చి కలపటం హత్యతో సమానం.

ఖర్చు అన్నాను గనక చెబుతున్నాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రధానమంత్రి సూర్యఘర్ అనే పథకం మొదలుపెట్టి, కోటి ఇళ్లమీద పలకలు పెట్టించాలని సంకల్పించింది. 3 కిలోవాట్లు పెట్టుకునేవారికి 78,000 రూపాయల సాయం ప్రకటించారు. అపార్టుమెంట్లలో ఉండేవారి చిక్కు వేరు. అక్కడ డాబా అందరిదీ, అందరిదీ అయినది ఎవరిదీ కాదు. పదిమందీ కలిసి కూర్చుని మాట్లాడుకుంటే గాని పలక పైకెక్కదు.

పగటి ఎండను రాత్రికి దాచే ఉపాయాలు వేరే కూడా ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న విద్యుత్కేంద్రంలో యంత్రాలను వెనక్కు తిప్పి, కిందికి పోయిన నీటిని మళ్లీ పైకి ఎక్కించవచ్చు. కరెంటు ఎక్కువైనప్పుడు నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదలటమన్నమాట. ఎండను నీళ్లలో దాచటం! ఇంట్లో అయితే బాటరీలో దాచుకోవాలి. ఈ కార్లలోని లిథియం బాటరీకి దారి చూపినందుకు 2019లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. వారిలో గుడినఫ్ అనే ఆయనకు అప్పటికి 97 ఏళ్లు! అంతకుముందు సీసపు బాటరీలు మొయ్యలేనంత బరువు. ఎలక్ట్రిక్ కార్లు కొత్తవేమీ కావు, 1899లోనే ఫ్రాన్సులో జెనాట్జీ అనే బెల్జియంవాడు ఎలక్ట్రిక్ కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటాడు. బాటరీ బరువే వాటిని వెనక్కు నెట్టింది.

ఇప్పుడు మీరు చెయ్యదగిన పని ఒకటున్నది. మీ ఇంటి కరెంటు మీటరు దగ్గరికి పోయి, ఏదీ ముట్టుకోకుండా, అంకెలు మాత్రం చూడండి. ఒక వారంపాటు పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ ఆ అంకెను ఒక పుస్తకంలో తేదీ వేసి రాయండి. పొద్దుటి అంకెను సాయంత్రపు అంకెలోంచి తీసేస్తే పగటి ఖర్చు, సాయంత్రపు అంకెను మర్నాటి పొద్దుటి అంకెలోంచి తీసేస్తే రాత్రి ఖర్చు. పక్కన మూడో గడి గీసి, మీ ఇంట్లో ఉన్న బండి ఏదైనా సరే, పొద్దున పదింటినుంచి మూడింటిలోగా ఎన్నిగంటలు ఇంటి దగ్గర నిలబడి ఉన్నదో రాయండి. సోలార్ ఉన్న ఇళ్లలో మీటరు తెరమీద అంకెలు మారిమారి కనిపిస్తాయి, వాటిలో ఒకటి వీధినుంచి తెచ్చుకున్నది, ఒకటి వీధికి ఇచ్చినది. రెండూ వేరువేరుగా రాసుకోవాలి, కలిపేస్తే లెక్క తప్పుతుంది. పలకలు అమ్మేవారు మీ ఇంటికి వచ్చిన రోజున ఆ పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టండి.